పావగడ ఎండలో స్కోపు లెక్క

వేటకూ పనికి రావాలి, దూరపు గురికీ పనికి రావాలి, రేటు మాత్రం చేతికి అందేట్టుండాలి. తుపాకీ స్కోపు కొనాలనుకునేవాళ్లు చాలామంది మొదలుపెట్టేది ఇక్కడే. పావగడ తాలూకాలో దీనికి జవాబు చెప్పాలంటే ముందు సగం ప్రశ్నను పక్కకు తీసి పెట్టాలి. కన్నడ రాజ్యంలో ఉండి, మూడు వైపులా ఆంధ్రను ఆనుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఈ తాలూకాలో గుట్టల మీద ఎలుగులున్నాయి, చిరుతలున్నాయి. శెనక్కాయ చేలల్లో అడవిపందులు పడతాయి. పక్క మధుగిరి తాలూకాలో మైదనహళ్ళి దగ్గర కృష్ణజింకల కోసం 2007లో జయమంగలి పేరుతో ఒక సంరక్షణ ప్రాంతమే ఏర్పడింది. వీటిలో దేన్నీ కాల్చే హక్కు మామూలు మనిషికి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షనులో వేటను నిషేధించింది. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉండటం వేరు, దాన్ని జంతువు మీదికి ఎత్తటం వేరు.

అయినా వేట స్కోపును లెక్కలోంచి పూర్తిగా కొట్టేయలేం. అంగట్లో దొరికే స్కోపులన్నీ ఈ రెండు అవసరాల మధ్యలోనే తయారయ్యాయి. టెక్సస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లకు అక్కడ వేట చట్టబద్ధమే. మన దేశంలోనూ అధికారుల అనుమతితో పందుల్ని కాల్చిన రాష్ట్రాలున్నాయి. పైగా వేటగాడికి మేలు చేసే గుణాల్లో కొన్ని గురికాడికీ మేలు చేస్తాయి, కొన్ని అతనికి అడ్డం పడతాయి. ఏది ఎవరికో తేలకుండా డబ్బు ఖర్చు పెడితే రెండు పనులకూ చాలని వస్తువు ఇంటికొస్తుంది.

అసలు స్కోపు అవసరమా అన్న దగ్గర నుంచే మొదలుపెట్టవచ్చు. ఈ ప్రాంతపు వేట కథల్లో పెద్ద పేరు బెంగళూరులో బతికిన కెన్నెత్ ఆండర్సన్‌ది. 1910లో పుట్టి 1974లో పోయాడు. అరసీకెరె చుట్టుపక్కల మనుషుల్ని చంపిన ఎలుగుబంటి గురించీ, మన వైపు మామండూరు, దిగువమెట్ట అడవుల పులుల గురించీ రాశాడు. ఆయన చేతిలో ఎక్కువగా కనిపించే తుపాకీ .405 వించెస్టర్. రాత్రి మంచె మీద కూర్చుంటే గొట్టానికి బిగించిన టార్చిలైటు, ఆ వెలుతురులో కనబడే ముందు సైటు, అంతే సరంజామా. దూరాలు కూడా గజాల్లో పదులు దాటేవి కావు. ఆ రోజుల్లో స్కోపు లేకుండానే అంత వేట నడిచింది కదా, ఇప్పుడెందుకు అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. దగ్గరి గురికి, మీదికి వచ్చే జంతువుకు, చీకట్లో ఒక్క క్షణంలో ఎత్తి కాల్చాల్సిన తుపాకీకి కళ్ల ముందు గాజు గొట్టం అడ్డమే.

కానీ ఆండర్సన్ పుస్తకాలే రెండో వైపు సాక్ష్యం కూడా చెబుతాయి. ఎవరో సరిగ్గా చూడకుండా పేల్చిన తుపాకీ దెబ్బ తిని, కాలో దవడో పాడై, పరిగెత్తే వేటను పట్టలేక మనుషుల మీద పడ్డ జంతువులు ఆయన రాతల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. స్కోపును సమర్థించేవాళ్ల బలమైన వాదన ఇదే. తూటా ఎక్కడ తగులుతుందో తెలిసి కొట్టటం ఒకటి, అటువైపు పేల్చటం మరొకటి. అమెరికా వేటగాళ్లలో కూడా ఈ తగవు తెగలేదు. స్కోపు వచ్చాక గాయపడి పారిపోయే జంతువులు తగ్గాయని కొందరు, స్కోపు చూసుకుని కాల్చకూడని దూరంలో కాల్చటం పెరిగిందని కొందరు. అక్కడి పాత వేటగాళ్ల సంస్థ బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, వేటలో మరీ దూరపు కాల్పులు తగవని తన మాటగా చెప్పింది. రెండు పక్షాలూ చెప్పేది నిజమే అనిపిస్తుంది నాకు. ఒకరు పరికరం గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకరు అది పట్టుకున్న మనిషి గురించి.

కళ్ల సంగతి వేరే ఉంది, దాన్ని ఎవరూ తగినంత పట్టించుకోరు. మామూలు సైట్లతో గురి చూడాలంటే కన్ను మూడు చోట్ల నిలవాలి. కంటికి దగ్గర్లో వెనక సైటు గాడి, గొట్టం కొనలో ముందు సైటు, దూరంగా గురి. ఇరవై ఏళ్ల కుర్రాడి కన్ను వీటి మధ్య చకచకా తిరుగుతుంది. నలభై అయిదు దాటి చత్వారం వచ్చినవాడికి వెనక గాడి మసకబారుతుంది, ముందు సైటు రెండుగా కనబడుతుంది. స్కోపు ఈ మూడింటినీ ఒకే తలం మీదికి తెస్తుంది. గురీ, స్కోపు లోపలి గీతలూ కలిసి ఒకేసారి స్పష్టంగా కనబడతాయి. కెనడాలో జార్జ్ ఫార్కర్సన్ అనే షూటర్‌కు వయసు మీద పడి పాత పద్ధతిలో కాల్చటం కష్టమైనప్పుడు, స్కోపూ తుపాకీకి ఊతకాళ్లూ పెట్టుకుని కాల్చే పోటీ ఒకటి పుట్టింది. దాన్నే ఇప్పుడు ఎఫ్-క్లాస్ అంటున్నారు, ఆ ఎఫ్ ఆయన పేరులోదే. వెయ్యి గజాల దూరపు పోటీ ఒక పెద్దాయన చూపు సమస్య నుంచి మొదలైందంటే, స్కోపును దొంగదారి అని తీసిపారేసేవాళ్లు కాస్త ఆలోచించుకోవాలి.

ఇక వేట స్కోపు. దాని గుణాలన్నీ తొందర నుంచీ మసక వెలుతురు నుంచీ పుట్టాయి. జంతువు కనబడేది తెల్లవారుజామున, సందె చీకట్లో. కనబడ్డది కదులుతూ ఉంటుంది. అందుకని ముందు కావాల్సింది చూపు వెడల్పు. మూడు రెట్లు పెద్దదిగా చూపించే స్కోపులో 100 మీటర్ల దూరాన దాదాపు 10 మీటర్ల వెడల్పు కనబడుతుంది. తొమ్మిది రెట్లకు పెంచితే అది నాలుగు మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇరవైనాలుగు రెట్ల దగ్గర మీటరున్నర. ఆ మీటరున్నరలో పొదలోంచి తల ఎత్తి మళ్లీ దించిన జంతువును వెతకడానికే కాలమంతా పోతుంది. రెండోది వెలుతురు. ముందు గాజు వ్యాసాన్ని పెంపుతో భాగిస్తే కంటికి చేరే వెలుగు గొట్టం ఎంత లావో వస్తుంది. మూడు నుంచి తొమ్మిది రెట్లు, 40 మిల్లీమీటర్ల ముందు గాజు ఉన్న 3-9×40 స్కోపును తొమ్మిది మీద పెడితే 4.4 మిల్లీమీటర్లు, మూడు మీద పెడితే 13. చీకట్లో మనిషి కంటిపాప అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, వయసుతో అదీ తగ్గుతుంది. సందెవేళ పెంపు తగ్గిస్తే బొమ్మ వెలుగెక్కడానికి కారణం ఇదే. అంటే 50, 56 మిల్లీమీటర్ల పెద్ద గాజు పెట్టుకుని దాని బరువంతా మోయడం పెంపు ఎక్కువగా వాడేవాడికే గిట్టుబాటు.

బరువు కూడా చిన్న విషయం కాదు. మామూలు 3-9×40 స్కోపు 350, 400 గ్రాములుంటుంది. దూరపు గురికని చేసిన 5-25×56 రకాలు కిలో దగ్గరికి పోతాయి, కొన్ని దాటుతాయి. గుట్టలెక్కేవాడికీ చదును మీద బోర్లా పడుకుని కాల్చేవాడికీ ఆ అరకిలో తేడా ఒక్కటి కాదు. కంటికీ స్కోపుకూ మధ్య ఉండాల్సిన ఎడం ఇంకొకటి. గట్టిగా వెనక్కి తన్నే తుపాకీ మీద తొమ్మిది, పది సెంటీమీటర్లన్నా లేకపోతే స్కోపు అంచు కనుబొమ్మ మీద అర్ధచంద్రం గీస్తుంది. వేటగాళ్లలో ఆ మచ్చ ఉన్నవాళ్లు దాన్ని గొప్పగా చూపించుకుంటారు గానీ అది గొప్ప కాదు.

దూరపు గురి స్కోపు ఇంకో లోకం. ఇక్కడ జంతువు లేదు, తొందర లేదు, గురి కదలదు. కదిలేది తూటా మాత్రమే. అమెరికాలో సాధారణమైన .308 తుపాకీని 100 గజాలకు సరిచేసుకుని వెయ్యి గజాల మీదికి కాలిస్తే తూటా సుమారు పది మీటర్లు కిందికి జారుతుంది. పక్కనుంచి గంటకు 16 కిలోమీటర్ల గాలి తగిలితే రెండు మీటర్లు దాటి పక్కకు పోతుంది. ఎఫ్-క్లాస్ గురిలో పది మార్కుల వలయం పాతిక సెంటీమీటర్లే. ఈ పది మీటర్లను అందాజుగా పైకెత్తి కొట్టడం కుదరదు. స్కోపు నెత్తిన ఉన్న టరెట్‌ను తిప్పి లెక్క ప్రకారం ఎక్కించాలి. ఆ తిప్పడాన్ని కొలిచే కోణపు లెక్కలు రెండున్నాయి, మిల్, ఎంఓఏ. మిల్ లెక్కలో ఒక్క క్లిక్‌కు 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు కదులుతుంది. ఎంఓఏ లెక్కలో పావు ఎంఓఏ క్లిక్‌కు ఏడు మిల్లీమీటర్లు. ఏది మంచిదని గంటలకొద్దీ వాదించుకుంటారు. మీటర్లతో పెరిగినవాడికి మిల్ లెక్క నోటికి తేలిగ్గా వస్తుంది, అంతకుమించి తేడా లేదు. ముఖ్యమైంది టరెట్ మీదా లోపలి గీతల మీదా ఒకే లెక్క ఉండటం. ఒకటి మిల్, ఇంకొకటి ఎంఓఏ ఉన్న స్కోపులు ఇప్పటికీ అమ్ముతున్నారు. అవి ఎంత చౌకైనా వద్దు.

ఆ పది మీటర్ల జారుడును సరిచేయడానికి టరెట్ ముప్పై ఎనిమిది ఎంఓఏలు పైకి తిరగాలంటే లోపలి గాజు సర్దుకునే చోటుండాలి. 34 మిల్లీమీటర్ల లావు గొట్టాలు వచ్చింది ప్రధానంగా అందుకోసమే. లావు గొట్టంలో వెలుతురు ఎక్కువ వస్తుందని అంగట్లో చెబుతారు, ఆ మాట నమ్మనక్కర్లేదు. పారలాక్స్ సర్దే చక్రం ఇంకొకటి. కన్ను స్కోపు వెనక అటూ ఇటూ కదిలితే గీతలు గురి మీద జరిగినట్టు అనిపించడమే పారలాక్స్. వేట స్కోపుల్లో దాన్ని ఫ్యాక్టరీలోనే 100 గజాలకు స్థిరం చేసి వదిలేస్తారు. వేటలో తూటా జంతువు ఛాతీలో ఎక్కడ పడ్డా పని అవుతుంది గనక సరిపోతుంది. కాగితం మీద వలయాలు లెక్కబెట్టేవాడికి సరిపోదు.

ఇంతవరకూ ఎక్కడికైనా వర్తించే మాటలే. పావగడ దగ్గరికి వచ్చేసరికి ఎండ అడ్డొస్తుంది. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం వైపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారంటే అక్కడి ఎండ ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు. వానలు మొహం చాటేసే ఊళ్లలో రైతులు ఎకరాకు ఏటా 21,000 రూపాయల కౌలుకు ఇచ్చిన భూములవి. పైరు కన్నా ఎండనే నమ్ముకోవాల్సి వచ్చింది. ఆ ఎండే గురికాడికి పగవాడు. పొద్దు పైకొచ్చి రాతినేల కాగిన తర్వాత నేల మీది గాలి అలలు అలలుగా లేస్తుంది. కాంతి ఆ గాలిలోంచి వంకరపోతూ కంటికి చేరుతుంది. ఉత్త కంటితో చూస్తే దూరాన రోడ్డు మీద నీళ్లున్నట్టు మెరుపు. ఇరవైనాలుగు రెట్ల స్కోపులో చూస్తే గురి మొత్తం కాగే పాలపొంగులా ఉడుకుతూ ఉంటుంది. స్కోపు గురిని ఎంత పెంచుతుందో ఆ వణుకునూ అంతే పెంచుతుంది. ఉన్నచోటే ఉన్న గురి కాస్త పైకి జరిగినట్టు కూడా కనబడుతుంది, కాల్చినవాడు తప్పు తుపాకీదే అనుకుంటాడు.

ఎక్కువ పెంపును సమర్థించేవాళ్లు ఊరుకోరు. ఆ అలల్ని చదివే గాలి ఎటునుంచి వీస్తోందో తెలుసుకుంటామంటారు. నిజమే, అలలు నిలువుగా లేస్తే పక్కగాలి లేనట్టు, ఒకవైపుకు పరిగెడితే అటువైపు గాలి. బెంచి మీద తుపాకీ పెట్టి కాల్చే పోటీల్లో 36 రెట్లు, అంతకుమించి కూడా వాడతారు. కానీ వాళ్లు ఏళ్ల తరబడి ఒకే రేంజిలో కూర్చుని ఆ అలల్ని నేర్చుకున్నవాళ్లు. కొత్తవాడికి ఎండలో పది, పన్నెండు రెట్లు దాటిన పెంపు అక్కరకు రాదు. ఈ నేల మీద పొద్దున తొమ్మిది తర్వాత 6-24 స్కోపు చాలాసార్లు పది మీదే నిలబడి ఉంటుంది. మిగతా పద్నాలుగు రెట్లకూ డబ్బు కట్టాం కదా అన్న బాధ వేరే. చౌక రకాల్లో పై పెంపు దగ్గర బొమ్మ అంచులు మసకబారడం, రంగులు విడిపోవడం కూడా మామూలే. అదే డబ్బుకు తక్కువ పెంపు, మంచి గాజు ఉన్న స్కోపు వస్తుంది. బొమ్మ పెద్దగా ఉండటం కంటే శుభ్రంగా ఉండటం మేలని అనుభవం ఉన్న గురికాళ్లు చెప్పేది ఇందుకే.

రెండు పనులకూ ఒకటే కావాలనేవాడికి మధ్యదారి లేకపోలేదు. 3-12, 4-16 మధ్య పెంపు, 40 నుంచి 44 మిల్లీమీటర్ల గాజు, పక్కన పారలాక్స్ చక్రం, చేత్తో తిప్పగలిగి మళ్లీ సున్నా దగ్గర ఆగే టరెట్. దీని బరువు వేట స్కోపు కంటే ఎక్కువ, వెయ్యి గజాల స్కోపు కంటే తక్కువ. అడవిలో కాస్త బరువనిపిస్తుంది, 600 గజాల దాకా గౌరవంగా పని చేస్తుంది. ఇక్కడే గీతల తగవు వస్తుంది. మొదటి ఫోకల్ ప్లేన్ రకంలో పెంపు పెంచితే గీతలూ పెద్దవవుతాయి, కాబట్టి వాటి మీది కొలత ఏ పెంపు దగ్గరైనా నిజం. రెండో రకంలో గీతలు అలాగే ఉంటాయి, కొలత ఒక్క పెంపు దగ్గరే, మామూలుగా పై చివరనే, నిజం. దూరాలు మారుతూ ఉండే పోటీలకు మొదటిది. సందెవేళ మూడు రెట్ల మీద పెట్టి కాల్చేవాడికి మొదటి రకం గీతలు సాలెగూడు పోగుల్లా సన్నబడి కనబడకుండా పోతాయి, అతనికి రెండోదే. లోకమంతా మొదటి రకం వెంట పడుతున్నప్పుడు పాతదాన్ని వెనకేసుకురావడం వింతగా అనిపించవచ్చు. కానీ ఒకే దూరం నుంచి కాగితం మీద కాల్చే వ్యక్తికి మొదటి రకం మీద పెట్టే అదనపు ఖర్చు ఎందుకో నాకు అర్థం కాదు.

మన చేతుల్లో నిజంగా ఏ తుపాకులున్నాయో చూస్తే ఈ లెక్క ఇంకా చిన్నదవుతుంది. లైసెన్సు మీద వచ్చే భారతీయ రైఫిల్ అంటే ముందు గుర్తొచ్చేది ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన .315 స్పోర్టింగ్. పాత లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతిది, మామూలు సైట్లతో వస్తుంది. దాని మీద స్కోపు పెట్టాలంటే పట్టీ ప్రత్యేకంగా బిగించాలి, పైనుంచి తూటాలు నింపే దారికి అది అడ్డం పడకుండా చూడాలి. ఇంత అవస్థ పడి 24 రెట్ల స్కోపు పెడితే ఆ తుపాకీ స్వభావం మారిపోదు. .22 అయితే కథ మెరుగు. ఖర్చు తక్కువ, తన్ను లేదు. 50 మీటర్లకు సరిచేస్తే 100 మీటర్ల దగ్గర 15 నుంచి 20 సెంటీమీటర్లు జారుతుంది గనక టరెట్ తిప్పడం, గాలిని చదవడం అన్నీ చిన్న దూరంలోనే నేర్చుకోవచ్చు. కానీ ఆ చిన్న తూటా కూడా రెండు కిలోమీటర్లు దాటి పోగలదు. గొర్రెల మందలు తిరిగే బయలు నేల మీద వెనక మట్టికట్ట లేకుండా, రేంజి కాని చోట పేల్చటం నేరమూ పాపమూ రెండూ.

ఎక్కువమందికి దొరికేది ఎయిర్ రైఫిలే. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 గొట్టం, 20 జౌల్స్ మించని శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదంటే గువ్వల్నీ కౌజుల్నీ కొట్టొచ్చని కాదు, చట్టం దృష్టిలో అదీ వేటే. ఇక స్కోపు సంగతి. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ చూడ్డానికి ఆటవస్తువులా ఉంటుంది గానీ స్కోపుల్ని చంపడంలో పెద్ద తుపాకుల్ని మించినది. లోపలి పిస్టన్ ముందు వెనక్కి తన్ని, మరుక్షణం ముందుకు కొడుతుంది. వెనక్కి తన్నే దెబ్బకే తయారైన ఖరీదైన వేట స్కోపు కూడా ఈ ముందు దెబ్బకు లోపలి గీతలు తెగిపోయి రావచ్చు. కాబట్టి ఎయిర్‌గన్‌కు తగినదని స్పష్టంగా రాసి ఉన్న, పది మీటర్లకు పారలాక్స్ సర్దగలిగే స్కోపు, దాన్ని తుపాకీకి బిగించడానికి జారకుండా వెనక ఆపు ఉన్న మౌంటు కావాలి. గాలి నింపే పీసీపీ రకాలకు ఈ బాధ లేదు.

ఎయిర్ రైఫిల్ కొన్న కుర్రాడికి పోటీల ఆశ ఉంటే మాత్రం లెక్క తలకిందులవుతుంది. ఒలింపిక్స్ నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గానీ 50 మీటర్ల రైఫిల్‌లో గానీ దుర్బీను స్కోపుకు చోటు లేదు. సన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్లే. 10 మీటర్ల గురిలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది పీప్ సైటు రంధ్రంలోంచే. 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్‌లింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హైదరాబాదీ ధనుష్ శ్రీకాంత్‌దీ అదే ఆట. మన దేశంలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పోటీల్లో ఓపెన్ సైటు విభాగాలూ ఉన్నాయి. పావగడ కుర్రాడు బెంగళూరుకు వెళ్లి కర్ణాటక స్టేట్ రైఫిల్ అసోసియేషన్ తలుపు తట్టాలనుకుంటే స్కోపు డబ్బును ప్రయాణానికీ పెల్లెట్లకూ దాచుకోవటమే మంచిది. స్కోపుతో అలవాటైన మెడ వంపు, చెంప ఆనే తీరు తర్వాత మార్చుకోవటం కష్టం. స్కోపును సమర్థించేవాళ్లు దీనికీ ఒక జవాబు చెబుతారు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చెయ్యి ఎంత వణుకుతోందో స్కోపు దాచకుండా చూపిస్తుంది, తప్పు ఎక్కడో కుర్రాడికి తానే తెలుస్తుంది అని. కొన్ని వారాల పాఠానికి అది నిజం. ఆ తర్వాత దాన్ని విప్పేయాలి.

ఇక రైతు. శెనక్కాయ చేనును ఒక్క రాత్రిలో పందులు తవ్వేసిన మనిషికి పైన చెప్పిన మిల్, ఎంఓఏలు వినిపించవు. చట్టంలో దారి ఉంది, సన్నటి దారి. పదకొండో సెక్షను ప్రకారం పంటకు హాని చేసే జంతువును చంపడానికి అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కేరళలో 2022 నుంచి పందుల విషయంలో ఆ అధికారాన్ని పంచాయతీ పెద్దలకు ఇచ్చారు, తెలంగాణ సర్పంచులకు ఇచ్చింది. అట్లాంటి అనుమతి ఉన్న తుపాకీ మీద స్కోపు ఉండాలా? ఉండాలనేవాళ్ల మాట: చీకట్లో కదిలేది పందో, దూడో, చేను కాపలాకు పడుకున్న మనిషో తేల్చుకోకుండా కాల్చకూడదు, మంచి గాజు తేల్చుకోనిస్తుంది. వద్దనేవాళ్ల మాట: తేల్చుకోవడానికి స్కోపు వాడితే తేలేలోపు గొట్టం ఆ మనిషి వైపే తిరిగి ఉంటుంది. ఈ రెండిట్లో నేను రెండో మాట వైపే ఉంటాను. చూడడానికి బైనాక్యులర్స్, టార్చి. కాల్చాలని నిశ్చయమయ్యాకే స్కోపు. ఆ స్కోపు కూడా ఒకటి నుంచి ఆరు, లేదా రెండు నుంచి ఏడు రెట్లు చాలు. పంది కనబడేది చేనంత దూరంలోనే.

టెక్సస్ మనవాళ్లకు ఇదే సలహా ఇంకాస్త పెద్ద కొలతల్లో. అక్కడ భూమి యజమాని ఒప్పుకుంటే అడవిపందుల వేటకు 2019 సెప్టెంబరు ఒకటి నుంచి వేట లైసెన్సు అక్కర్లేదు. కానీ హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకు అది వల. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసాదారు తుపాకీ పట్టుకోవాలంటే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు ఒకటి చేతిలో ఉండాలి. రాష్ట్రం అడగకపోయినా లైసెన్సు తీసుకోవాల్సింది అందుకే. అక్కడి మైదానాల్లో 200 గజాల దాకా 2-10, 3-12 స్కోపులు హాయిగా సరిపోతాయి. .308ను 200 గజాలకు సరిచేసుకుంటే 100 దగ్గర అయిదు సెంటీమీటర్లు మాత్రమే పైన పడుతుంది, టరెట్ తాకే పనే లేదు. సెలవులకు వచ్చేటప్పుడు బావమరిదికి ఒకటి సూట్‌కేసులో పెట్టుకురావాలన్న ఆలోచన మాత్రం మానుకోవాలి. తుపాకీ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ పట్టికలో ఉన్న వస్తువులు.

డబ్బు మిగిలితే ముందు మౌంటు మీద పెట్టాలి, తర్వాత గాజు మీద, ఆ తర్వాతే పెంపు మీద. నాసిరకం మౌంటు రింగులు స్కోపు గొట్టాన్ని నొక్కేస్తాయి, మంచి స్కోపును కూడా అబద్ధాలు చెప్పేట్టు చేస్తాయి. వారంటీ మాట కూడా వినాలి. అమెరికాలో 1907లో మొదలైన లూపోల్డ్ ఇప్పటికీ స్కోపులు చేస్తోంది. పేరున్న నికాన్ మాత్రం 2019 చివర్లో రైఫిల్ స్కోపుల వ్యాపారం నుంచి తప్పుకుంది. బ్రాండు పెద్దదైనంత మాత్రాన రేపు బాగుచేసేవాడు ఉంటాడని కాదు. కొన్న స్కోపును రేంజిలో ఒకసారి పరీక్షించాలి. గురి మధ్యలో మూడు తూటాలు కాల్చి, టరెట్ ఇరవై క్లిక్కులు పైకి తిప్పి మూడు, ఇరవై కుడికి తిప్పి మూడు, ఇరవై కిందికి, మళ్లీ ఇరవై ఎడమకు. చివరి మూడు తూటాలు మొదటి మూడింటి మీదే పడితే స్కోపు చెప్పినట్టు కదులుతోంది. పడకపోతే రింగులు బిగించి ఇంకోసారి చూడాలి. అప్పటికీ పడకపోతే, పెట్టె పారేయకముందే అంగడికి తిరిగి ఇచ్చేయాలి.